37 ఏండ్ల తరువాత వచ్చిన శనివారం

పాట ఓడిపోవడం వేరు, ఆ పాటను మోసిన రికార్డు అమ్ముడుపోకపోవడం వేరు. ఈ రెండింటినీ మనం సాధారణంగా ఒకటిగానే లెక్కిస్తాము. ఆ భేదాన్ని నాకు బోధపరచినది "డిస్కో జాజ్" అనే గ్రామఫోను రికార్డు. 1982లో కలకత్తాకు చెందిన మెగాఫోన్ కంపెనీ దానిని విడుదల చేసింది. పాడినవారు రూపా బిశ్వాస్ అనే వంగ యువతి. ఆనాడు కొన్నవారు బహు కొద్దిమంది. 2019లో అమెరికాలోని చికాగో నగరపు న్యూమెరో గ్రూప్ అనే సంస్థ దానిని తిరిగి వినైల్ మీద ముద్రించింది. చికాగోలో ఉద్యోగం చేస్తున్న మా మామూ కుమారుడు సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు ఒక ప్రతిని దుప్పట్టాల మడతల మధ్య భద్రపరచి తెచ్చాడు. మా ఇంట రికార్డు ప్లేయరు ఇంకా ఉన్నది గనుక, ఎంతమంది అడిగినా అబ్బాజాన్ దానిని ఇచ్చివేయలేదు గనుక, నేను ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుతున్నాను.

విద్యార్థి మిత్రులు డిస్కో అనగానే తళతళలాడే దుస్తులను, తిరిగే దీపాలను తలచుకొని నవ్వుకుంటారు. ఆ నవ్వుకు మన సినిమాలే కొంత కారణం. కాని ఈ రికార్డు పుట్టిన తీరు వేరు. రూపా గారు కెనడాలోని కాల్గరీ నగరంలో సోదరుని ఇంటికి వెళ్ళిన కాలంలో ఆమె గానం ఉస్తాద్ ఆశిష్ ఖాన్ గారి చెవిన పడింది. ఆశిష్ ఖాన్ సామాన్యుడు కాడు. మైహర్ ఘరానా మూలపురుషుడైన బాబా అల్లావుద్దీన్ ఖాన్ మనుమడు, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ కుమారుడు. 2024 నవంబరులో ఆయన కాలధర్మం చెందారు. సంగీతం ఆయన సమకూర్చి సరోద్ వాయించగా, సోదరుడు ప్రాణేశ్ ఖాన్ తబలా పట్టారు. గిటారు, డ్రమ్ములు మొదలైనవి అక్కడి కెనడా కళాకారులు వాయించారు.

సరోద్‌కూ డిస్కోకూ పొత్తు ఎట్లా కుదిరిందని నేనూ ఆశ్చర్యపడ్డాను. వినగా వినగా ఒక సంగతి తోచింది. అమెరికాలో నల్లజాతి కళాకారులు పెంచిన ఫంక్ అనే సంగీతంలో ప్రాణమంతా మొదటి దెబ్బలో ఉంటుంది. జేమ్స్ బ్రౌన్ తన వాద్యగాండ్రను, ఎన్ని విన్యాసాలు చేసినా ఆ మొదటి దెబ్బ మీద వచ్చి కలవవలసిందేనని శాసించేవాడు. మన హిందూస్థానీ తాళంలో "సమ్" చేసే పని కూడా అటువంటిదే గదా! పదహారు మాత్రల తీన్‌తాల్‌లో ఎంత దూరం తిరిగినా సమ్ దగ్గర చేరకపోతే సభలో తల ఊగదు. ఆ ఇల్లూ ఈ ఇల్లూ దూరంగా ఉన్నా గడప ఒకే తీరున ఉన్నది. అందుకే ఈ రికార్డులో సరోద్ అతిథివలె కూర్చోదు, ఇంటి మనిషివలె తిరుగుతుంది.

పాటలు నాలుగే. అందులో "ఆజ్ శనిబార్" అనేది, అనగా "ఈరోజు శనివారం", ఎనిమిది నిమిషాల దాకా నడుస్తుంది. బేస్ గిటారు నిదానంగా అడుగులు వేస్తూ ఉండగా ఆమె సన్నని గొంతు తొందరలేకుండా వస్తుంది. ఎవరినీ మెప్పించాలన్న ఆతురత లేని గొంతు. చివరి పాట పావుగంట దాకా సాగుతుంది. పూర్వపు 78 తిరుగుళ్ళ రికార్డు సాధారణంగా ఒక ప్రక్కన మూడు నిమిషాలకు పెద్దగా మించి పట్టేది కాదు. నిమిషానికి 33 చుట్లు చిల్లర తిరిగే వినైల్ పళ్ళెంలో గాడి సన్ననిది, పొడవైనది. ఆ పొడవు లేనిదే ఇటువంటి పాట లేదు. "డిస్కో" అనే మాటకు మూలమైన ఫ్రెంచి పదానికి రికార్డుల భాండారమనే అర్థం. నాట్యశాలకు ఆ పేరు రావడమే ఆ పళ్ళెం పలుకుబడికి నిదర్శనం.

మరి ఆనాడు ఎందుకు నడవలేదు? 1980లో "ఖుర్బానీ" చిత్రంతో, 1981లో "డిస్కో దీవానే"తో నాజియా హసన్ ఇంటింటా వినిపిస్తున్న రోజులవి. అయినా మన శ్రోత పాట కొనేముందు అది ఏ సినిమాలోదని అడిగేవాడు. కాసెట్టు కూడా అప్పుడే రికార్డును బజారునుండి నెట్టివేస్తున్నది. ఏమైతేనేమి, రూపా గారు మరొక ఆల్బం చేయలేదు. గృహిణిగా కాలం గడిపారు. ఈలోగా పాత ప్రతులు విదేశీ సేకర్తల చేతుల్లో వందల డాలర్లు పలకసాగాయి. ఇంటర్నెట్‌లో లక్షలమంది "ఆజ్ శనిబార్" వింటున్నారన్న వార్తను ఆమెకు చేరవేసినవాడు ఆమె కుమారుడే.

చికాగో పేరులో ఒక వింత ఉన్నది. 1979 జూలై 12న ఆ నగరంలోనే, కొమిస్కీ పార్కు అనే బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల నడుమ పెట్టెడు డిస్కో రికార్డులను మందుగుండుతో పేల్చివేశారు. డిస్కో రికార్డు తెచ్చిన ప్రేక్షకునికి టిక్కెట్టు 98 సెంట్లకే ఇచ్చారు. డిస్కోను కన్న పేటలు ఎక్కువగా నల్లవారివి, లాటిన్ ప్రజలవి. ఆ మంట వారికి ఎట్లా తగిలిందో వేరే చెప్పనక్కరలేదు. సరిగ్గా 40 ఏండ్లకు అదే ఊరినుండి ఈ రికార్డు మళ్ళీ బయలుదేరింది.

అరుదైన రికార్డులకు దొంగ ముద్రలు పడటం ఈ వ్యాపారంలో కొత్త కాదు. ఒక ప్రతి దొరికితే చాలు, దాని ధ్వనిని పట్టి మరల గాడి కోసి, లోహపు అచ్చు తీసి, కరిగిన వినైల్‌ను దానిమధ్య నొక్కవచ్చును. చెవికి తేడా తెలియకపోవచ్చు. తేడా పాడినవారిని ఒకమాట అడగడంలో ఉన్నది. మన చట్టంలో గాయకుల హక్కును గుర్తించినది 1994 సవరణ. అంటే 1982 నాడు గొంతు ఆమెది, ఆ గొంతు మీద చట్టమిచ్చిన హక్కు మాత్రం ఆమెకు లేదు. ఎవరెంత సమర్థించినా, అడగకుండా వేసిన ప్రతిని నేను పునర్ముద్రణ అనలేను.

మా ఆపా ఈ రికార్డును ఆసాంతం విన్నది. ఆమె చదువుకునే రోజుల్లో కళాశాల ఉత్సవాల్లో గజళ్ళు పాడి అంతర్ కళాశాల పోటీల్లో బహుమతులు తెచ్చేది. అప్పుడు ఎవరో కాసెట్టులో పట్టిన రెండు పాటలు ఉండేవి. తరువాత ఇంకెవరో దానిమీదనే క్రికెట్ వ్యాఖ్యానం పట్టారు. ఆపా గొంతు ఏ కంపెనీ వద్దా లేదు, ఏ సేకర్త వద్దా లేదు. ఒక్క ప్రతియైనా ఎక్కడో మిగిలితేనే 37 ఏండ్లకైనా దానికి మరుజన్మ. మన వార్షికోత్సవాలలో వేదికకు పూలదండలకయ్యే ఖర్చులో కొంత ధ్వనిముద్రణకు కేటాయించవచ్చునని కమిటీ పెద్దలకు ఈ సందర్భంలోనే మనవి చేసుకుంటున్నాను.

"ఆ అమ్మాయి తరువాత ఏం పాడింది?" అని అడిగింది ఆపా. ఆల్బం ఇదొక్కటే అన్నాను. ఆమె ఏమీ అనలేదు. రెండవ ప్రక్క మళ్ళీ పెట్టమన్నది. ముల్లు గాడిలో పడింది. కాసేపటికి సరోద్‌తో కలిపి సన్నగా కూనిరాగం తీయసాగింది. చాలా ఏండ్లకు విన్నాను. ఆమె కూతురు చప్పుడు కాకుండా ఫోను తీసి బల్లమీద పెట్టబోగా, ఆపా రాగం ఆపింది.

"ముందు అడగాలి."

పిల్ల సిగ్గుపడి, "అమ్మీ, రికార్డు చేసుకోనా?" అన్నది. ఆపా నన్ను ప్లేయరు ఆపమని సైగ చేసి, గ్లాసుతో మంచినీళ్ళు తెమ్మని పిల్లను లోపలికి పంపింది.