ఇసుకలో ఆటోమేటిక్ పికప్: బిదియాలో తేలిన సంగతి

మస్కట్ నుంచి ఆగ్నేయంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళితే బిదియా వస్తుంది. ఖర్జూర తోటలు అయిపోగానే షర్కియా ఇసుక మొదలవుతుంది. పాత పటాల్లో దీని పేరు వహీబా. విస్తీర్ణం సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు, తిన్నెలు కొన్నిచోట్ల వంద మీటర్ల ఎత్తు. ఇక్కడి బెదూయిన్లు మేకలనూ, మేతనూ, నీళ్లనూ పికప్పుల్లోనే తోలుకుంటారు కాబట్టి ఇసుకలో బండి నడపడం వాళ్లకు రోజువారీ పని. ఆటోమేటిక్ గేరు పట్నం రోడ్లకే పనికొస్తుంది, ఇసుకకు క్లచ్ ఉన్న బండే కావాలన్న నమ్మకం మన డ్రైవర్లలో బలంగా ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. ఆ నమ్మకంలో నిజమెంతో చూడటానికి బిదియా కంటే మంచి చోటు లేదు. చూసిన తర్వాత నేను చెప్పేది ఇది: ఇసుకలో ఆటోమేటికే మెరుగు, అయితే దాన్ని దాని ఇష్టానికి వదిలేయకూడదు.

ముందు టైర్ల సంగతి తేలాలి, గేరు చర్చ ఆ తర్వాతే. ఇసుక అంచున టైర్ల షాపు ముందు బండి ఆగుతుంది. వాల్వు మూత తీసి లోపలి పిన్ను నొక్కితే బుస్సుమని గాలి పోతుంది. గేజి పెట్టి చూస్తారు, చాలకపోతే మళ్లీ నొక్కుతారు. తారురోడ్డు మీద ముప్పై అయిదు పీఎస్ఐ దాకా ఉన్న టైరును పదిహేను, పద్దెనిమిదికి దించుతారు. వంగి చూస్తే టైరు పక్కగోడ కింద ఉబ్బి, నేలను తాకే మేర ముందుకూ వెనక్కూ సాగి కనిపిస్తుంది. టైరు వెడల్పవడం వల్ల లాభమని చాలామంది అనుకుంటారు గానీ, అసలు లాభం ఈ పొడవు పెరగడంలోనే ఉంది. ఒంటె పాదం లాగే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. గాలి పన్నెండు కంటే తగ్గితే మాత్రం మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. గాలి తీయని బండికి ఏ గేరున్నా ఒకటే, కూరుకుపోతుంది.

ఆ తర్వాత ఇసుకకు కావలసింది తెగకుండా అందే బలం. తారురోడ్డు మీద క్లచ్ నొక్కి గేరు మార్చే లోపు బండి తన వేగంతో తాను సాగిపోతుంది. మెత్తని ఇసుకలో అలా కాదు. చక్రం ముందు ఇసుక ఎప్పటికప్పుడు పోగవుతుంటుంది, క్లచ్ నొక్కిన ఆ కాస్త వ్యవధిలోనే వేగం పడిపోతుంది. పై గేరు పడేసరికి దాన్ని లాగే ఊపు ఉండదు. ఎత్తెక్కేటప్పుడు ఈ తడబాటు ఒక్కసారి జరిగితే చాలు, బండి సగంలో ఆగుతుంది. ఆటోమేటిక్‌లో గేరు మారినా చక్రాలకు బలం దాదాపు తెగదు. పైగా టార్క్ కన్వర్టర్ నూనె ద్వారా బలాన్ని పంపుతుంది కనుక, ఆగిన బండి కుదుపు లేకుండా కదులుతుంది. చక్రం గిర్రున తిరిగి గొయ్యి తవ్వడానికి ఆ మొదటి కుదుపే కారణం. తయారీదారులు కూడా ఆటోమేటిక్‌ను తక్కువ చేసి చూడటం లేదు. మన దేశంలో 2022లో వచ్చిన టొయోటా హైలక్స్ 2.8 లీటర్ల డీజిల్ ఇంజను మాన్యువల్‌తో 420 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఆటోమేటిక్‌తో 500 ఇస్తుంది.

అభ్యంతరాల్లో బలమైనది వేడి. నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కన్వర్టర్‌లో నూనె కాగి హెచ్చరిక దీపం వెలుగుతుంది. నిజమే, కానీ అదే చోట క్లచ్ కూడా కాలుతుంది, కాలిన క్లచ్ ఎడారిలో బాగుపడదు. నూనె మాత్రం కాసేపు బండి ఆపి, ఇంజను నడుస్తూ ఉంచితే చల్లారుతుంది. అసలు ఆ స్థితి రాకుండా ఉండాలంటే ‘ఫోర్ లో’ (4L), అంటే నాలుగు చక్రాలూ లాగే తక్కువ వేగపు గేరు వేయాలి. చక్రాలకు అందే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, ఇంజను తేలిగ్గా తిరుగుతుంది, కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. రెండో అభ్యంతరం, తిన్నె కొస దగ్గర కాలు కాస్త వదిలితే బండి తనంతట తానే పై గేరుకు పోతుందని. గేరు కర్రను ‘డి’ నుంచి పక్కకు జరిపి మాన్యువల్ పద్ధతిలో పెట్టి, రెండో గేరో మూడోదో దాటకుండా చూసుకుంటే ఆ బాధ ఉండదు. తిన్నెకు గాలి చాటు వైపు వాలు ముప్పై డిగ్రీలు దాటుతుంది. అక్కడ దిగేటప్పుడు ఫోర్ లో, మొదటి గేరు, బండి ముక్కు నేరుగా కిందికే ఉండాలి. అడ్డం తిరిగితే పల్టీ కొడుతుంది. దిగేటప్పుడు ఇంజను పట్టు మాన్యువల్‌లో కొంత ఎక్కువేనని ఒప్పుకోవాలి, అయితే ఫోర్ లోలో ఆ తేడా చిన్నది. బ్యాటరీ చస్తే ఆటోమేటిక్‌ను తోసి స్టార్టు చేయలేమన్నది మరో మాట. రెండు టన్నుల మాన్యువల్ పికప్పును మాత్రం ఇసుకలో ఎవరూ తోయలేరు. ఏ గేరైనా రెండో బండి తోడు లేకుండా లోపలికి వెళ్లకూడదు.

గేరు మీద ఇంత చర్చ జరుగుతుంటే అసలు అడ్డంకి మరుగున పడిపోతోంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే చక్రం కాస్త జారగానే ఇంజను బలాన్ని కోసేస్తుంది, ఊపు అవసరమైన చోటే బండి నీరసిస్తుంది. ఇసుకలో దిగే ముందు దాన్ని ఆపేయాలి. పికప్పుకు ఇంకో చిక్కుంది. ఖాళీగా ఉంటే వెనక భాగం తేలిక, ముందు డీజిల్ ఇంజను బరువు, పైగా బండి పొడవు. అందుకే ముందు చక్రాలు దిగబడతాయి, పదునైన తిన్నె కొస మీద కడుపు ఆనుకుంటుంది. ఇది మాన్యువల్‌కూ అంతే. ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కకుండా, వాలు వైపు ముక్కు పెట్టి, దానంతట అదే నిలిచేలా వదిలేయాలి. చక్రం దిగబడితే ఇంకా తొక్కకుండా పార తీసుకుని ముందున్న ఇసుక తోడి, వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి.

మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారం నుంచి వచ్చే వీ-క్రాస్ పికప్పుకూ 1.9 లీటర్ల ఇంజనుతో ఆటోమేటిక్ ఉంది. ఇసుకలో పనికిరాదని ఎవరో అన్నారని దాన్ని పక్కన పెట్టకండి. ఫోర్ లో ఉందో లేదో, గేరును చేత్తో పట్టి ఉంచే వీలుందో లేదో చూసుకుని కొనండి. మిగిలిన డబ్బుతో మెరుగులు దిద్దే ముందు గేజి, కంప్రెసర్, పార కొనండి. ఇసుక దాటి తారురోడ్డు ఎక్కేలోపు గాలి తప్పక నింపండి, మెత్తటి టైరు వేగానికి వేడెక్కి పేలిపోతుంది.