తెన్నేటి అంటే పార్కు కాదు

చాలా ఏళ్లు నాకు తెన్నేటి అంటే పార్కే. జోడుగుళ్లపాలెం దగ్గర, బీచ్ రోడ్డు పక్కన, కాలేజీ ఎగ్గొట్టి కూర్చునే చోటు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ‘మా’ కొట్టుకొచ్చి అక్కడి రాళ్లలో చిక్కుకుంటే, అందరితో పాటు నేనూ వెళ్లి సెల్ఫీ దిగాను.

మూడు నెలలు గడిచాయో లేదో, స్టీల్ ప్లాంటులో కేంద్రం వాటా మొత్తం అమ్మేస్తారని వార్త. బి షిఫ్టుకి బయల్దేరుతున్న నాన్న, బూట్ల లేసు కడుతూ ఆగి, "ఇప్పుడు తెన్నేటోరు ఉండాల్రా" అన్నారు.

"పార్కా?" అన్నాను. నాన్న నవ్వలేదు.

ఆ సిగ్గుతో చదవడం మొదలెట్టాను. తెన్నేటి విశ్వనాథం. మద్రాసు శాసనసభ, ఆంధ్ర శాసనసభ, లోక్‌సభ మూడూ చూసినవారు. 1953లో ప్రకాశం గారి మంత్రివర్గంలో ఉన్నారు. ఆ పెద్దాయన ‘నా జీవిత యాత్ర’ చివరి భాగం రాసిందీ ఈయనే. 1966లో ఉక్కు ఉద్యమం వచ్చేసరికి డెబ్బై దాటాయి. ఆ వయసులో మనవాళ్లు మనవల్ని ఆడిస్తారు, ఈయన ఉద్యమానికి ముందు నిలబడ్డారు. అమృతరావు నిరాహార దీక్ష, నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు, ప్రాణాలు. నాలుగు నెలలు తిరక్కుండానే 1967 ఎన్నికల్లో ఊరు ఆయన్ని స్వతంత్రుడిగా ఢిల్లీ పంపింది.

1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకి ఉక్కు కర్మాగారం ప్రకటించినప్పుడు ఆయన ఎంపీ. 1971 జనవరి 20న ఆమె శంకుస్థాపన చేసే నాటికి కాదు. మధ్యలో, డిసెంబరులో, లోక్‌సభ రద్దయింది. నాకెందుకో ఆ ఇరవై చిల్లర రోజుల తేడా దగ్గరే మనసు ఆగిపోతుంది. 1979లో పోయారు. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేసినప్పుడు చూడ్డానికి లేరు.

అలాగని దేవుణ్ని చెయ్యబుద్ధి కాదు. ఆ ప్లాంటు కోసం 64 ఊళ్లు నేల ఇచ్చాయి. ఆ ఇళ్లలో ఉద్యోగం కోసం ఇంకా చూస్తున్నవాళ్లున్నారు. ఆ లెక్క ఏ పార్కు బోర్డు మీదా ఉండదు.

మొన్న నాన్న ఆఫ్ రోజున ఇద్దరం పార్కుకెళ్లాం. పల్లీలు కొన్నాం. దూరంగా నాలుగైదు ఓడలు లంగరేసి ఉన్నాయి.

"సొంత గనులిచ్చుంటే ఈ తిప్పలుండేవి కావు" అన్నారు నాన్న. తర్వాత కళ్లు చిట్లించి, "వాటిలో మన బొగ్గు ఏ ఓడలో ఉందో" అన్నారు.

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.