భేతాళుడూ అబ్బా

జిన్నారంలో నాది ఉర్దూ మీడియం. తెలుగు కూడబలుక్కునే రోజుల్లో ఓ పాత చందమామ దొరికింది. భేతాళ కథకు శంకర్ గారి బొమ్మ: శ్మశానం, పుర్రెలు, చేతిలో కత్తి, విక్రమార్కుడి భుజాన వేలాడే శవం. రాజు ముఖంలో ఖౌఫ్ లేదు. అదంతా నాకే!

"తస్వీర్లుంటే ఇంట్లోకి ఫరిష్తేలు రారు బేటా" అని అమ్మీ దాన్ని సందూక్‌లో పడేసేది. నేను మళ్ళీ తీసేవాణ్ణి. శవం ఏమడిగిందో తెలియాలంటే తెలుగు చదవాలి కదా. పటాన్‌చెరులో నైట్ డ్యూటీ చేసొచ్చిన అబ్బా పడుకునే, "ముర్దా ఫిర్ క్యా పూఛా?" అనేవారు. ఉర్దూలో చెప్పేవాణ్ణి. రాజు నోరు విప్పగానే శవం చెట్టెక్కేస్తే నవ్వేవారు.

శంకర్ గారు 2020లో పోయారు. అంతకుముందే అబ్బా. జనాజాకు కంధా ఇచ్చి నడుస్తుంటే ఆ బొమ్మే కళ్ళముందు. ఖబ్రస్తాన్ దాకా కలిమా తప్ప నా నోట మాట రాలేదు.