తాళం నా జేబులో

ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో చేరేనాటికి నేను కంప్యూటర్‌ను ఫొటోలో తప్ప చూడలేదు. మా కోయ గూడెంలో అప్పటికి కరెంటే అంతంతమాత్రం. కాలేజీలో కంప్యూటర్ గది ఉందని తెలిసి సంబరపడ్డాను. కానీ దానికి ఎప్పుడూ తాళమే. కిటికీలోంచి చూస్తే పూల గుడ్డలు కప్పిన పెట్టెలు కనిపించేవి. తనిఖీ రోజున మాత్రం తెరిచి మమ్మల్ని వాటి ముందు కూర్చోబెట్టేవారు. "ముట్టుకోకండి, పాడవుతాయి" అనేవారు. మౌస్ పట్టుకోకుండానే రెండేళ్ల చదువు పూర్తి చేశాను. డబ్బున్న తోటివాళ్లు బయట సెంటర్లలో నేర్చుకున్నారు. ఆ ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. తాళం అందరికీ ఒకటే, నష్టం మాత్రం మాకే ఎక్కువ.

ఏళ్ల తర్వాత ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది కంప్యూటర్లకు నన్ను ఇన్‌చార్జిగా పెట్టారు. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టగానే భయం పట్టుకుంది. ఏది పోయినా నా జీతంలోంచి కట్టమంటారేమో! చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను చేసిన మొదటి పని కొత్త తాళం కొనడం. వారానికి ఒక పీరియడు తెరిచేవాణ్ని. వానాకాలంలో అదీ మానేశాను.

దసరా సెలవుల తర్వాత తెరిస్తే గదంతా బూజు వాసన. రెండు కంప్యూటర్లు ఆన్ కాలేదు. ఒకదాంట్లో బల్లి గుడ్లు ఉన్నాయి, ఇంకోదాని వైర్లు ఎలుకలు కొరికాయి. మిగతావి పనిచేస్తున్నాయి కదా అని తృప్తిపడ్డాను. యూపీఎస్ బ్యాటరీలు నెలల తరబడి ఛార్జింగ్ లేక చచ్చిపోయిన సంగతి నాకు తెలియలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు వాళ్ల అవ్వ చెప్పిన కోయ కథను తెలుగు అక్షరాల్లో టైపు చేస్తోంది. మధ్యాహ్నమంతా కూర్చుంది. కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. మధ్యమధ్యలో సేవ్ చేయాలని నేను నేర్పలేదు. కథంతా పోయింది. "మళ్లీ చెప్పమంటే అవ్వ ఇంకోలా చెబుతుంది సార్" అంది ఆ పిల్ల. కాలేజీలో నేను తిట్టుకున్న తాళం ఇప్పుడు నా జేబులోనే ఉందని ఆ రోజు తెలిసింది.

మా గూడెంలో డోళ్లు ఏ ఒక్కరి సొత్తూ కాదు. వానకు తోలు మెత్తబడితే వాయించేవాళ్లే నిప్పు సెగ చూపిస్తారు. తాడు వదులైతే చూసినవాడే బిగిస్తాడు. వాడకుండా మూల పడేస్తే పురుగు పడుతుంది. ఇది తెలిసి కూడా నేను కంప్యూటర్లను మూల పడేశాను.

హెడ్మాస్టరు గారితో మాట్లాడి బ్యాటరీలు మార్పించాను. ఒక్కో కంప్యూటర్‌ను కొంతమంది పిల్లలకు అప్పగించాను. స్విచ్ ఆపాకే పొడిగుడ్డతో తుడవాలి. పూర్తిగా షట్‌డౌన్ అయ్యాకే మెయిన్ ఆపాలి. పేరా రాయగానే సేవ్ చేయాలి. సెలవుల్లో కూడా అప్పుడప్పుడు యూపీఎస్‌లకు ఛార్జింగ్ పెట్టే పని వాచ్‌మన్ బాబాయి ఒప్పుకున్నాడు. గది గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీశాం. ఏది చెడినా ఆ రోజే అందులో రాయాలి. రాసినవాళ్లను తిట్టకూడదు. ఈ చివరి నియమం నాకోసం పెట్టుకున్నదే. తిడతారని భయపడితే పిల్లలు దాస్తారు. దాస్తే చిన్న లోపం పెద్దదవుతుంది.

ఒకసారి ఒక మౌస్ పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. నా డబ్బుతో కొత్తది కొని, ఆ సంగతి రిజిస్టర్‌లో రాశాను. మళ్లీ తాళం వేద్దామా అని ఆ రాత్రి మనసు లాగింది. వేయలేదు. మౌస్ ఖరీదు ఎంతో నాకు తెలుసు. మౌస్ పట్టకుండా గడిచిన నా రెండేళ్ల ఖరీదు కూడా తెలుసు.

ఎనిమిదింటిలో ఇప్పుడు ఆరు పనిచేస్తున్నాయి. రాత్రి గదికి తాళం వేస్తాం. చెవి పదో తరగతి లీడర్ దగ్గర ఉంటుంది. ఆ అమ్మాయి కథను మళ్లీ రాసింది. అవ్వ నిజంగానే ఇంకోలా చెప్పిందట. ఈసారి రెండు చోట్ల దాచుకుంది.

శిక్షణలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీలో అలాంటి గది మూసి ఉంటే అడగండి. "మేమే తుడుస్తాం, మేమే లెక్క రాస్తాం, తెరవండి" అని అడగండి. మా బ్యాచ్‌లో ఎవరమూ అడగలేదు.