అతుకుపని

పోయినేడాది ఒక ఆదివారం, హైదరాబాదులో మా ఇంటి దగ్గరి మాల్‌లో ఒక తెల్లటి క్రోషే టాప్ చూశాను. కొనడానికి కాదు. నా భార్య ట్రయల్ రూమ్‌లో ఉంది, నేను బయట సంచులు పట్టుకుని నిలబడ్డాను. ఎనిమిది రేకల పూలు, వాటి మధ్య వలలాగా గొలుసులు. చేత్తో అల్లినది అని లేబుల్ మీద రాసుంది. ధర 4,990 రూపాయలు. అమ్మకి వీడియో కాల్ చేశాను.

“దగ్గరగా పెట్టరా,” అంది. పెట్టాను. “ఇప్పుడు లోపలివైపు తిప్పు.” తిప్పాను.

“పువ్వు బానే చేసేరు. అతుకులే బాలేదు. ముడులు కనపడిపోతన్నాయి. తొందర పెట్టేసుంటారు, పాపం.”

ధర చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. “దారం వంద రూపాయలది కూడా ఉండదు కదరా అందులో,” అంది చివరికి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతల నరసాపురం. అది పశ్చిమగోదావరి, ఇటు మేము అప్పటికి తూర్పుగోదావరి, 2022 నుంచి కోనసీమ జిల్లా. లేసుకి మాత్రం ఈ జిల్లాల గొడవ ఎప్పుడూ లేదు. దారం నరసాపురం నుంచి పంటు మీద వచ్చేది, అల్లిన ముక్కలు అదే పంటు మీద వెనక్కి వెళ్లేవి. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి జిల్లాలకొచ్చిన క్రైస్తవ మిషనరీలు ఈ అల్లిక నేర్పారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వెళ్లిన మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలు. తర్వాత అది మిగతా కులాల ఇళ్లలోకీ వచ్చింది. పొలం పనికి వెళ్తే పరువు పోతుందనుకునే మా బోటి ఇళ్లలో మరీ స్థిరపడింది. గడప దాటక్కర్లేదు, ఎవరూ చూడరు. చేసింది పని అని కూడా ఎవరూ అనరు.

నాకు గుర్తున్న అమ్మ మధ్యాహ్నం రెండింటి అమ్మ. వంటయిపోయి, గిన్నెలు తోమేసి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఎడమ చేతి చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేత్తో చిన్న కొక్కెం సూది. చుట్టూ మరో నలుగురు. మాటలు ఆగవు, చేతులూ ఆగవు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, ముక్కలు తూచి తీసుకునేవాడు. తూకం తగ్గితే డబ్బులు తగ్గేవి. పని రెండు రకాలు. పువ్వులు, ముక్కలు విడివిడిగా అల్లడం చేతిపని. వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గానో జాకెట్‌గానో చేయడం అతుకుపని. రెండూ వేరు వేరు ఇళ్లలో జరిగేవి. చేతిపని చేసినావిడకి ఆ పువ్వు చివరికి దేనిలో పడుతుందో తెలిసేది కాదు. అమ్మది చేతిపని. పక్కింటి పిన్నిది అతుకుపని. పిన్నికి భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు.

ఇంజనీరింగ్ సీటొచ్చినప్పుడు కాలేజీ దరఖాస్తు నేనే నింపాను. తండ్రి వృత్తి: వ్యవసాయం. తల్లి వృత్తి: గృహిణి. ఆ సంవత్సరం ఫీజు కట్టింది చాలా వరకు లేసు డబ్బులతోనే. అయినా అలా రాయడంలో తప్పుందని నాకు తోచలేదు. నాకే కాదు, అమ్మకీ తోచలేదు.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి మరియా మీస్ పుస్తకం చదివాను. ఆవిడ జర్మన్ సామాజికశాస్త్రవేత్త. 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఉండి లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేసింది. 1982లో పుస్తకం వచ్చింది. ఆవిడ చెప్పేది స్థూలంగా ఇది. ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి పనిచేస్తున్న ఈ ఆడవాళ్లని అందరూ గృహిణులుగానే చూస్తారు, వాళ్లు కూడా అలాగే అనుకుంటారు. గృహిణి తీరిక వేళల్లో చేసే పనికి కూలి ఇవ్వక్కర్లేదు, ఏదో కొంత ఇస్తే చాలు. మొత్తం వ్యాపారం నిలబడింది ఆ మాట మీదే. పొలంలో నాట్లేసే ఆడవాళ్లకి లేసు అల్లేవాళ్లకంటే ఎక్కువ కూలి వచ్చేదని కూడా ఆవిడ లెక్కలు చూపించింది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి నా దరఖాస్తు గుర్తు చేసుకున్నాను. ఎగుమతిదారులు వాడుకున్న మాటనే నేను నా చేత్తో రాసిచ్చాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దక్షిణాసియా దుస్తుల ఎగుమతుల గురించి ఏ నివేదిక తీసినా ఒకటే సలహా ఉంటుంది. 2005 జనవరిలో కోటాలు ఎత్తేశాక పోటీ విపరీతమైంది, చవక కూలితో ఎన్నాళ్లో నిలబడలేరు, డిజైన్ మీద, ఇన్నోవేషన్ మీద దృష్టి పెట్టండి అని. సలహా తప్పేం కాదు. చవక మీదే పరిగెత్తితే ఏమవుతుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు చూశాం. శ్రీలంక కంపెనీలు సాదా చొక్కాలు వదిలి లోదుస్తులు, క్రీడల దుస్తులలాంటి కష్టమైన వాటి వైపు వెళ్లి నిలదొక్కుకున్నాయి. వాటిలో ఒకటి మన విశాఖ దగ్గర అచ్యుతాపురం దాకా వచ్చి వెయ్యెకరాల్లో దుస్తుల పార్కు పెట్టింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన స్టాన్ షీ నవ్వు గీత కూడా ఇదే చెప్తుంది. లాభం డిజైన్ చేసే మొదటి కొసలోనూ, బ్రాండు పేరుతో అమ్మే చివరి కొసలోనూ ఉంటుంది, తయారుచేసే మధ్యలో ఉండదు అని.

అయితే ఈ సలహా చదివినప్పుడల్లా నాకు మా ఇంట్లో జరిగిన ఒక ఇన్నోవేషన్ గుర్తొస్తుంది.

నాకు పన్నెండు, పదమూడేళ్లప్పుడు అమ్మ ఒక కొత్త పద్ధతి కనిపెట్టింది. రెండో పువ్వు ఆఖరి చుట్టు అల్లుతూ రేక కొస దగ్గరికి రాగానే, సూదిని మొదటి పువ్వు రేక కొసలోంచి దూర్చి, దారం లాగి, మళ్లీ తన అల్లికలోకి వచ్చేసేది. అంతే. రెండో పువ్వు పూర్తయ్యేసరికి మొదటిదానికి అతుక్కునే ఉండేది. వేరే దారం లేదు, ముడి లేదు, వెనక్కి తిప్పినా అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. ఏజెంటు ఆ ముక్క చూసి శాంపిలుగా నరసాపురం పట్టుకెళ్లాడు. వారం తర్వాత వచ్చి, అక్కడ బాగా నచ్చిందనీ, ఇకనుంచి అందరూ ఇలాగే చేయాలనీ, పువ్వుకి కాస్త రేటు పెంచుతాననీ అన్నాడు. “ఇంక అతుకుపని అక్కర్లేదు కదమ్మా,” అన్నాడు నవ్వుతూ.

అమ్మ ఆ ముక్కలో ఒక తప్పుంది, సరిచేసి ఇస్తానని వెనక్కి తీసుకుంది. మళ్లీ ఇవ్వలేదు. అతను రెండుసార్లు అడిగాడు. కళ్లు లాగుతున్నాయి, ఎలా చేశానో మర్చిపోయాను అంది. మిగతావాళ్లు అడిగితే కూడా అదే చెప్పింది. అతనికి వేరే ఆర్డర్లున్నాయి, ఊరుకున్నాడు. నాకు మాత్రం కోపమొచ్చింది. క్లాసులో లెక్క అందరికంటే ముందు చేసి, చెయ్యి ఎత్తకుండా కూర్చున్నట్టనిపించింది.

ఆ కోపం ఎంత తెలివితక్కువదో నాకు ఆఫీసులో తెలిసింది. నాలుగేళ్ల క్రితం నేను రాసిన ఒక ఆటోమేషన్ వల్ల, మనుషులు వారం రోజులు చేసే టెస్టింగ్ ఒక్క రాత్రిలో అయిపోవడం మొదలైంది. నాకు అందరి ముందూ ఒక జ్ఞాపిక ఇచ్చారు. తర్వాతి నెలలో టెస్టింగ్ టీమ్‌లోంచి నలుగుర్ని ప్రాజెక్టు నుంచి తప్పించారు. అందులో ఒకతను రోజూ నాతో కలిసి భోంచేసేవాడు. నేను ఏ తప్పూ చేయలేదని అందరూ అన్నారు. నిజమే, చేయలేదు. కానీ ఆ నాలుగు రోజులూ నేను కేంటీన్‌కి వేరే టైములో వెళ్లాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మని అడిగాను, నిజంగా మర్చిపోయావా అని.

“ఎందుకు మర్చిపోతాన్రా? పిన్ని ఏం తినేది మరి?” అంది, చాలా మామూలుగా.

ఇలా రాసి అమ్మని గొప్పది చేయడం నా ఉద్దేశం కాదు. అమ్మ దాచినంత మాత్రాన ఏమీ ఆగలేదు. పిన్నికి ఇంకొన్నేళ్లు పని దొరికింది, తర్వాత చూపు తగ్గి తనే మానేసింది. అమ్మ కనిపెట్టినది కూడా ప్రపంచంలో మొదటిది కాదు. అల్లుతూ అతుకుతూ పోయే ఆ పద్ధతిని యూట్యూబ్‌లో వందమంది నేర్పుతున్నారు. అమ్మ దాన్ని రిజిస్టర్ చేయించుకోగలిగేదీ కాదు. మన 2000 నాటి డిజైన్ల చట్టం వస్తువు రూపానికే రక్షణ ఇస్తుంది, అది కూడా కొత్తదైతేనే, పదేళ్లకి, పొడిగిస్తే మరో అయిదేళ్లకి. చేసే పద్ధతికి ఇవ్వదు. నాకు అర్థమైంది ఒకటే. పువ్వుకి ఆదా అయిన ఆ అరగంట ఎవరి జేబులోకి వెళ్తుందో అమ్మకి ముందే తెలుసు. అందులో పిన్నికి సగం వస్తుందంటే అమ్మ దాచేది కాదు. ఇన్నోవేషన్ లేక కాదు, దానికి దారి లేక ఆగిపోయింది. నివేదికలు రాసేవాళ్లు కొత్త ఆలోచనలు డిజైన్ స్కూళ్లలోంచి కిందకి దిగుతాయనుకుంటారు. అవి అరుగుల మీద పుట్టి, అక్కడే ట్రంకు పెట్టెల్లోకి వెళ్లిపోవడం వాళ్లకి కనపడదు.

మరొకటి కూడా చెప్పాలి. నేను ఇంజనీర్ని కాబట్టి క్రోషే యంత్రం ఎందుకు లేదా అని వెతికాను. నిట్టింగ్‌కి 1589లోనే విలియం లీ యంత్రం చేశాడు. అందులో ఒకేసారి చాలా ఉచ్చులు తెరిచి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో సూది పెడితే సరిపోతుంది. క్రోషేలో తెరిచి ఉండేది సాధారణంగా ఒకే ఒక్క ఉచ్చు. తర్వాతి కుట్టు అప్పటిదాకా అల్లినదాంట్లో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లాలో చేతికి తెలియాలి. అందుకే క్రోషేలా కనిపించే లేసుని యంత్రాలు చేస్తున్నాయి గానీ, బజారులో ఉన్న అసలైన క్రోషే అంతా ఇవాళ్టికీ మనిషి చేతిదే. అంటే మూడొందల తొంభై తొమ్మిదికి ఆన్‌లైన్‌లో దొరికే క్రోషే టాప్ వెనక కూడా ఎవరో ఒకావిడ ఎక్కడో గంటల తరబడి కూర్చుంది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజోలు, అమలాపురం వైపు అల్లికలు కూడా దాని కిందకే వస్తాయి. ఆ వార్త చూసి నేను సంబరంగా అమ్మకి ఫోన్ చేశాను. ఇంక చైనా వాళ్లు మన పేరు పెట్టుకుని అమ్మలేరు అని వివరించాను. పూర్తిగా విని, “మంచిదే. ముక్కకి రేటెంత పెంచేర్రా?” అంది. ఆ గుర్తింపు పేరుని కాపాడుతుందే గానీ రేటు సంగతి దానిలో ఉండదని చెప్పాల్సొచ్చింది.

సంక్రాంతికే ట్రంకు పెట్టెలోంచి ఆ పాత శాంపిల్ తీయించాను. తెల్లదారం పసుపెక్కింది. మూడు పూలు అతుక్కుని ఉన్నాయి, నాలుగోది సగంలో ఆగింది. ఆఖరి ఉచ్చు జారిపోకుండా పిన్నీసు పెట్టుంది. ఇరవై ఏళ్లు దాటినా పిన్నీసు తుప్పు మరక తప్ప ఏమీ చెడలేదు. నాకు నేర్పమన్నాను. నవ్వింది, నేర్పింది. రేక కొస దాకా బాగానే వెళ్లాను. పక్క పువ్వులోకి సూది దూర్చి లాగేసరికి ఉచ్చు జారింది, రెండు చుట్లు విడిపోయాయి.

“పర్లేదు, లాగెయ్యి,” అంది అమ్మ. “దారం ఎక్కడికీ పోదు. మళ్లీ మొదలెట్టు.”