వీల్ వంచితే కుదరదు

విజయవాడ ఆటోనగర్‌లో ఎటు చూసినా లారీలే. ఆ హోరు మధ్య మోటార్‌సైకిళ్లకు ఇంజిన్లు మార్చే మేస్త్రి ఒకాయన ఉన్నాడంటే చూడ్డానికి వెళ్లాను.

స్టాండు మీద ఆర్‌ఎక్స్ 100. టూ స్ట్రోక్ ఇంజిన్ తీసేసి 150 సీసీ ఫోర్ స్ట్రోక్ కూర్చోబెట్టారు. ఆ బండి చప్పుడంటే చెవి కోసుకునేవాళ్లు వింటే శాపనార్థాలు పెడతారు. సొంతదారు దీన్ని తోటలోనే తిప్పుకుంటాడట. రోడ్డెక్కితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది మరి.

మేస్త్రి వెనక స్ప్రాకెట్‌కి పొడవాటి స్టీలు స్కేలు ఆనించాడు. ముందు స్ప్రాకెట్ 4 మిల్లీమీటర్లు లోపలికి ఉంది.

"వీల్ కాస్త తిప్పి బిగిస్తే సరిపోదా?" అన్నాను.

"కలిసినట్టే కనపడుద్ది సార్. బండి మాత్రం పక్కకి లాగుద్ది."

స్ప్రాకెట్లు పక్కకి జరగడం వేరు, ఏటవాలుగా ఉండటం వేరు. చైన్ అడ్జస్టర్లతో రెండోదే పోతుంది. అందుకే ఆయన మొదట వెనక వీల్‌ని ఫ్రేముకు తిన్నగా నిలిపాడు. ఆ వీల్‌ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ మీది గీతల్ని నమ్మడు. స్వింగ్‌ఆర్మ్ ఆడే పివట్ బోల్టు నుంచి యాక్సిల్ దాకా రెండువైపులా టేపు పట్టి సమానం చేశాడు. ఇక కదలాల్సింది ఇంజినే.

ముందు స్ప్రాకెట్ వెనక వాషరు వేస్తే చిటికెలో అయిపోతుంది కానీ, షాఫ్టు పళ్ల మీద పట్టు తగ్గుతుంది. ఆ మాటెత్తితేనే ఆయనకి కోపం. ఎదుటి లేత్ షాపులో ఇంజిన్ బిగింపుకి కొత్త బుష్‌లు తిప్పించాడు: కుడివైపువి 4 మిల్లీమీటర్లు పొడవు, ఎడమవైపువి అంతే పొట్టి. ఇంజిన్ ఎడమకి జరిగింది, స్కేలు రెండు స్ప్రాకెట్లనీ తాకింది.

నాకు కొత్తగా తెలిసింది చైన్ వదులు సంగతి. ఇంజిన్ మారితే ముందు స్ప్రాకెట్‌కీ పివట్‌కీ మధ్య దూరం మారుతుంది, కంపెనీ చెప్పిన లెక్క చెల్లదు. అందుకని షాకబ్జార్బర్లు ఊడదీసి, స్ప్రాకెట్, పివట్, యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చేదాకా స్వింగ్‌ఆర్మ్ ఎత్తాడు. చైన్ బాగా బిగిసేది అక్కడే. అక్కడ కొంచెం ఆడేలా వదిలితే గుంతలో పడ్డా తెగదు.

చైన్ లింకుకి క్లిప్పు పెడుతున్న కుర్రాడి మీద కేకేశాడు: "మూసిన వైపు చైన్ తిరిగే దిక్కుకి ఉండాల్రా!"

ఇంజిన్ ప్లేట్లకి ఇంకా చుక్క వెల్డింగే ఉంది. పూర్తి వెల్డింగ్ మర్నాడు. వేడికి ప్లేటు గుంజుకుంటే మళ్లీ స్కేలు పట్టాల్సిందే.