మూడు, ఒకటి, రెండు

ధర్మవరం అని చెప్పగానే బెంగళూరు ఆఫీసులో తెలుగువాళ్ళు అడిగే మొదటి మాట, "మీ దగ్గర ఇంటింటికీ తుపాకులుంటాయటగా?" సినిమాల పుణ్యం. మా వీధిలో ఇంటింటికీ ఉన్నది మగ్గం. తుపాకీ చూడాలంటే బ్యాంకు గేటు దగ్గరో, నాయకుల వెంట తిరిగే గన్‌మెన్ చేతిలోనో చూడాల్సిందే.

అలాగని తుపాకీ చట్టం మాకు పట్టనిదేం కాదు. పక్కనున్న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసులోనే కాల్చి చంపారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. ఆ సాయంత్రం మా వీధిలో మగ్గాల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవడం ఇప్పటికీ గుర్తు.

2019లో ఆయుధాల చట్ట సవరణ బిల్లు వచ్చినప్పుడు కూర్చుని చదివాను. పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి, చట్టాన్నీ అలాగే చదువుతాను. అప్పటిదాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. బిల్లులో అది ఒకటి అయింది. చట్టమయ్యేసరికి రెండు అయింది. నవంబర్ 29న లోక్‌సభలో పెట్టారు, డిసెంబర్ 10కల్లా రాజ్యసభ కూడా దాటింది. ఆ కొద్ది రోజుల్లో ఒకటిని రెండు చేయించినవాళ్ళెవరు? షూటింగ్ క్రీడాకారులు, తాతల నాటి తుపాకులున్న కుటుంబాలు, వాళ్ళ తరఫున గొంతెత్తిన ఎంపీలు. వాళ్ళని తప్పుపట్టను. తమకేం కావాలో వాళ్ళకి తెలుసు, ఎవరికి చెప్పాలో కూడా తెలుసు. మా ఆఫీసులో కోడ్‌లో ఒక్క అంకె మార్చినా ఎవరడిగారు, ఎందుకడిగారు అని పక్కన రాసిపెడతాం. చట్టంలో ఆ అంకె పక్కన ఏమీ ఉండదు.

ఈ వాదన పాతదే. తెల్లవాళ్ళని వదిలేసి మనవాళ్ళకి లైసెన్సు పెట్టిన 1878 చట్టం మీద కోపంతో, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం ఆయుధం ఉంచుకోవడాన్ని నియమాలకు లోబడిన పౌరహక్కుగా రాసుకుంది. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చమన్నాడు, అంబేద్కర్ ఒప్పుకోలేదు. నా ఓటు అంబేద్కర్‌కే. కానీ ఆ రోజు ఒక వాదన, దానికో జవాబు, రెండూ రికార్డులో ఉన్నాయి.

న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద కాల్పుల తర్వాత, 2019 ఏప్రిల్‌లో చట్టం ఇంకా తొందరగా మార్చారు. అయినా పార్లమెంటు కమిటీకి 13 వేలకు పైగా అభిప్రాయాలు చేరాయి. మన దగ్గర కూడా ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. వెబ్‌సైట్‌లో పెడితే జనం ముందు పెట్టినట్టేనా అన్నది నా గొడవ.

ఎందుకంటే సీమలో చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఇక్కడ మనుషుల్ని తిన్నవి ఎక్కువగా లైసెన్సు తుపాకులు కావు, నాటుబాంబులు, వేటకొడవళ్ళు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. నాటుబాంబు ఎవడు అప్పజెప్తాడు? ఇక 1959 చట్టంలో పంట కాపలాకి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చనే మాట ఉంది. అడవి పందులు తొక్కేసిన శెనక్కాయ చేను గట్టున నిలబడి మా పెదనాయనకి ఆ సంగతి చెప్పాను.

"ఆ తుపాకి నాకొద్దు నాయనా. ఒకడు తెచ్చుకుంటే ఎదురింటోడూ తెచ్చుకుంటాడు. పందుల కోసమే అని ఎవురు నమ్ముతారు?"

"ఇదే మాట ఢిల్లీకి రాయొచ్చు కదా పెదనాయనా. ఈసారి చట్టం మార్చేటప్పుడు నేను రాసిస్తా, నువ్వు సంతకం పెట్టు."

ఆయన కాసేపు చేను వైపు చూశాడు.

"పేరూ ఊరూ రాయాల్నా?"

రాయాలనే చెప్పాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మోటారు ఆపాలంటూ బావి దిక్కు నడిచాడు.